కూరలో కారం ఎక్కువైందా? ముందు పైన తేలిన నూనె తియ్యి

నీ ప్రశ్న చదివి నవ్వొచ్చింది, ఏమీ అనుకోకు. కిలోన్నర చికెన్, గుంటూరు నుంచి అమ్మ పంపిన కొత్త కారం, ఎప్పుడూ ప్యాకెట్ కారం వేసే లెక్కలోనే ఐదు చెంచాలు, అదీ గుట్టగా. రేపు మధ్యాహ్నం భోజనానికి ఆరుగురు పెద్దవాళ్లు, ఇద్దరు చిన్నపిల్లలు. రాత్రే వండి పెట్టుకుంటే రేపు హడావుడి ఉండదని వండావు, తీరా రుచి చూస్తే కళ్లలో నీళ్లు తిరిగాయి. బంగాళదుంప వెయ్యాలా, పంచదార వెయ్యాలా, నిమ్మకాయ పిండాలా, పెరుగు కలపాలా అని నాలుగు మార్గాలు అడిగావు. ఏది చేసినా సరే, నాలుగూ కలిపి మాత్రం చెయ్యకు తల్లీ, అప్పుడది చికెన్ కూర అవదు, దానికి పేరు పెట్టడం కూడా కష్టం. (నువ్వు అని రాస్తున్నాను, మా పెద్దమ్మాయి వయసే ఉంటుంది నీది.)

మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. హైదరాబాద్ వచ్చాక కూకట్‌పల్లిలో 19 ఏళ్లు కర్రీ పాయింట్ నడిపాను. రోజూ పదిహేను రకాల కూరలు, పొద్దున పదకొండుకల్లా కవర్లలో కట్టడానికి రెడీగా ఉండాలి. మా పల్నాడు వాళ్లకి చప్పగా ఉన్నదే గోదావరి వాళ్లకి భగ్గుమంటుంది, పక్క వీధిలో ఉండే ఉత్తరాది పిల్లలు అది చూస్తేనే దణ్ణం పెట్టేవాళ్లు. కాబట్టి కారం తగ్గించడం అనే పని నేను పుస్తకాల్లో చదివింది కాదు, కూర తగలేసి, డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్నది.

ముందు ఒక్క మాట అర్థం చేసుకో. కూరలో కలిసిన కారాన్ని ఏ వస్తువూ పీల్చుకోదు. దుంప పీల్చుకోదు, బ్రెడ్ పీల్చుకోదు, గోధుమపిండి ముద్ద కూడా పీల్చుకోదు. నువ్వు చెయ్యగలిగిందల్లా కొంత కారాన్ని గిన్నెలోంచి బయటికి తీసెయ్యడం, మిగిలినదాన్ని ఎక్కువ కూరలోకి పరవడం, ఇంకా మిగిలితే తినేవాళ్ల నాలుకకి తెలియకుండా కప్పడం. ఈ వరుసలోనే చెయ్యాలి. చాలామంది చివరిదానితో మొదలెడతారు, పంచదార డబ్బా అందుకుంటారు, అక్కడే కూర పాడవుతుంది.

తీసెయ్యడం ఎలాగంటావా, అందుకే నూనె మాట ముందు చెప్పాను. మిరపలో మంట పుట్టించే పదార్థం పేరు క్యాప్సైసిన్. అది నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో, కొవ్వులో బాగా కరుగుతుంది. మనం కూర దగ్గరపడి నూనె తేలేదాకా ఉడికిస్తాం కదా, ఆ పైన ఎర్రగా తేలే నూనె ఉందే, కూరలో కారం చాలావరకు దాన్లోకే దిగి ఉంటుంది. ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూడు, నీకే తెలుస్తుంది. నువ్వు రాత్రే వండడం ఒక రకంగా మంచిదైంది. కూర చల్లారగానే, గంటా గంటన్నర కంటే బయట ఉంచకుండా ఫ్రిజ్‌లో పెట్టెయ్యి. చికెన్ కదా, రాత్రంతా స్టవ్ మీదే వదిలేస్తే కారం సంగతి దేవుడెరుగు, కడుపులు చెడతాయి. పొద్దున్నకి గ్రేవీ చిక్కబడుతుంది, కోడి కొవ్వూ నూనే పైన పొరలాగా నిలబడతాయి. గరిటె అంచుతో ఆ పొర మొత్తం ఒక స్టీలు గిన్నెలోకి తీసెయ్యి. కిలోన్నర కూరకి ఐదారు చెంచాలైనా వస్తుంది. పారబొయ్యకు, దాని సంగతి తర్వాత చెప్తాను. అంత వ్యవధి లేనివాళ్లు స్టవ్ కట్టేసి, గిన్నె కదపకుండా పావుగంట వదిలేస్తే చాలు, నూనె పైకొస్తుంది. గరిటెకి అందని పల్చటి పొర మీద బ్రెడ్ స్లైసు ఒక్క క్షణం ఆనించి తీస్తే నూనె అంటుకుని వస్తుంది. బ్రెడ్‌కి ఉన్న ఉపయోగం అంతే.

నూనె తీశాక మళ్లీ రుచి చూడు, కానీ సరిగ్గా చూడు. పొగలు కక్కే కూర అరచేతిలో వేసుకుని నాకి, అమ్మో కారం అనడం రుచి చూడడం కాదు. మిరప మంటని పట్టే గ్రాహకమూ (అంటే నరాల చివర ఉండి పసిగట్టే భాగం), వేడిని పట్టే గ్రాహకమూ మన నోట్లో ఒక్కటే. డేవిడ్ జూలియస్ అనే అమెరికన్ శాస్త్రవేత్త బృందం 1997లో దాన్ని గుర్తించింది, ఆయనకి 2021లో వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది కూడా, ఇంకొకాయనతో కలిపి. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే ఆ గ్రాహకం తెరుచుకుంటుంది, మిరప తగిలినా తెరుచుకుంటుంది. రెండూ ఒకేసారి తగిలితే ఇక చెప్పక్కర్లేదు. అందుకే మరిగే కూర నోట్లో పెట్టుకుంటే అసలున్నదానికంటే కారంగా అనిపిస్తుంది. ఒక చెంచా గ్రేవీ తీసి, గోరువెచ్చగా అయ్యాక, రెండు ముద్దల అన్నంలో కలుపుకుని తిను. రేపు వచ్చేవాళ్లు తినబోయేది అలాగే కదా. వాళ్లకి పులావు పెడుతుంటే పులావుతో చూడు, చపాతీ అయితే చపాతీతో. నా దగ్గరకి ‘కారం ఎక్కువైంది’ అని వచ్చిన కేసుల్లో చాలావాటికి అన్నంతో తిని చూశాక మందు అక్కర్లేకపోయింది.

ఇంకో పరీక్ష ఉంది. ఆ మంట ఎక్కడిది? మిరప మంట నాలుక మీదా పెదవుల మీదా పట్టుకుని ఎంతకీ వదలదు. అల్లం వెల్లుల్లి పచ్చిగా మిగిలిపోతే వచ్చే ఘాటు వేరు, ముక్కుకి కొడుతుంది, దానికి ఇంకో పది నిమిషాలు సిమ్‌లో ఉడికిస్తే చాలు. లవంగాలు, మిరియాలు ఎక్కువైతే గొంతులో గరగరగా, కొంచెం చేదుగా ఉంటుంది. కారం వేసి సరిగ్గా వేగనివ్వకుండా నీళ్లు పోసేసినా పచ్చికారం వాసనతో కూర మొరటుగా ఉంటుంది. అది కూడా ఉడికితే సర్దుకుంటుంది. అసలైన మిరప మంట మాత్రం ఎంతసేపు ఉడికించినా పెద్దగా తగ్గదు. మన వంటింటి వేడికి క్యాప్సైసిన్ చాలావరకు అలాగే ఉంటుంది. పైగా నీళ్లు ఇగిరేకొద్దీ కూర చిక్కబడి కారం పెరిగినట్టే ఉంటుంది.

ఇప్పుడు నీ కూర దగ్గరకి వద్దాం. పరవడం అన్నాను కదా, దానికో చిన్న లెక్క ఉంది. కారం సగానికి తగ్గాలంటే కూర రెట్టింపవ్వాలి. పావు వంతు తగ్గితే చాలంటే, ఉన్న కూరకి మూడో వంతు కొత్తగా కలపాలి. 1912లో విల్బర్ స్కోవిల్ అనే ఆయన మిరప ఘాటుని కొలిచిన పద్ధతి కూడా ఇదే, మిరప సారాన్ని పంచదార నీళ్లతో పలచన చేసుకుంటూ పోయి, రుచి చూసేవాళ్లు ఇక మంట తెలియడం లేదనేదాకా ఎన్ని రెట్లు కలిపారో లెక్కేశాడు. నువ్వు అంతదూరం వెళ్లక్కర్లేదు. నూనె తీసేశావు కాబట్టి మూడో వంతు కలిపితే సరిపోతుంది. అయితే నీళ్లు పోసి పెంచితే అది కూర కాదు, చారు. కారం లేని కొత్త గ్రేవీ చేసి కలపాలి.

పొద్దున ముక్కలన్నీ ఒక పళ్లెంలోకి తీసి పెట్టుకో. మిగిలిన గ్రేవీలో ఒక మూడో వంతు డబ్బాలో పోసి ఫ్రీజర్‌లో పడెయ్యి. అది వృథా కాదు, ఇంకో వారంలో ఆరు కోడిగుడ్లు ఉడికించి, రెండు ఉల్లిపాయలూ రెండు టమాటాలూ వేయించి, ఆ డబ్బా కలిపితే గుడ్ల కూర అయిపోతుంది, కారం అసలు వెయ్యక్కర్లేదు. ఇక్కడ బాండీలో మూడు పెద్ద ఉల్లిపాయలు సన్నగా తరిగి, రెండు చెంచాల నూనెలో బంగారు రంగొచ్చేదాకా నిదానంగా వేయించు. తొందరపడకు, ఉల్లిపాయ బాగా వేగితేనే తీపి వస్తుంది, ఆ తీపే నీకు పంచదార బదులు. పదిహేను జీడిపప్పులు పావుగంట వేడినీళ్లలో నానబెట్టి, రెండు చెంచాల ఎండుకొబ్బరీ ఒక చెంచా గసగసాలూ ఉంటే అవీ చేర్చి, వేగిన ఉల్లిపాయతో కలిపి మెత్తగా రుబ్బు. అదే బాండీలో అర చెంచా అల్లం వెల్లుల్లి వేయించి, ఈ ముద్ద వేసి నూనె వదిలేదాకా కలుపుతూ ఉండు. అడుగంటుతుంది, పక్కకి వెళ్లకు. తర్వాత ఒక గ్లాసు వేడినీళ్లు పోసి, మరిగాక మిగిలిన పాత గ్రేవీ, ముక్కలు వేసి పది నిమిషాలు సిమ్‌లో ఉంచు. ఉప్పు చూడు. కూర పెరిగింది కాబట్టి ఉప్పు కూడా పలచనై ఉంటుంది, అది వెయ్యకపోతే ‘కారం తగ్గింది గానీ రుచే లేదు’ అంటారు. గరం మసాలా మళ్లీ వెయ్యకు. కొత్తిమీర చల్లి దించెయ్యి.

గసగసాల గురించి పక్క మాట. దుబాయ్‌లోనో సౌదీలోనో ఉండి ఇది చదువుతున్నవాళ్లు ఇండియా నుంచి గసగసాలు పట్టుకెళ్లకండి, అక్కడ నిషేధం, ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకుంటే కేసే. జీడిపప్పు చాలు, లేదా పొట్టు తీసిన పుచ్చగింజలు.

నీ నాలుగు ప్రశ్నలకి ఇప్పుడు జవాబు. బంగాళదుంప వేస్తే అది చుట్టూ ఉన్న పులుసుని కొంచెం తాగుతుంది, అందులో కారం ఎంత ఉంటే అంతే తాగుతుంది, ఏరుకుని కారాన్నే తాగే తెలివి దానికి లేదు. కానీ కూర పెరుగుతుంది కాబట్టి మంచిదే. రెండు దుంపలు విడిగా ఉడికించి, పెద్ద ముక్కలు చేసి వేసుకో, తీసి పారెయ్యకు, చికెన్‌లో దుంప బాగుంటుంది. పంచదార మంటని కొంత మరిపిస్తుంది, నిజమే. కాకపోతే చికెన్‌లో చిటికెడు దాటితే హోటల్ గ్రేవీ అయిపోతుంది, మన నాలుకకి అది కూరలాగే అనిపించదు. నేనైతే వెయ్యను. నిమ్మకాయ వేపుడు మీద పిండితే బాగుంటుంది గానీ, టమాటా ఇప్పటికే పడిన కూరలో ఇంకా పులుపు చేరిస్తే మంట చురుక్కుమని తగులుతుంది.

పెరుగు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అక్కడే నేను దెబ్బతిన్నాను. కర్రీ పాయింట్ పెట్టిన రెండో ఏడు, ఒకళ్ల ఇంట్లో నిశ్చితార్థానికి ఎనిమిది కిలోల చికెన్ ఆర్డర్. మా పనబ్బాయి కారం వేశాడు, నేను చూసుకోక మళ్లీ వేశాను. పది గంటలైంది, పదకొండున్నరకి ఇవ్వాలి. కంగారులో ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పెరుగు, రెండు లీటర్లు, కుతకుత ఉడుకుతున్న గిన్నెలో కుమ్మరించాను. రెండు నిమిషాల్లో మొత్తం విరిగిపోయింది. పైన నీళ్లు, మధ్యలో తెల్లటి పలుకులు, అడుగున చికెన్. ఆ రోజు మళ్లీ కోడి తెప్పించి, వండి, మధ్యాహ్నం ఒంటిగంటకి ఇచ్చాను. డబ్బులు అడగడానికి మొహం చెల్లలేదు, వాళ్లు సగం ఇచ్చారు, అదే మహాభాగ్యం అనుకున్నాను.

పెరుగు కలపాలనుకుంటే స్టవ్ కట్టెయ్యాలి. పెరుగు ఫ్రిజ్‌లోంచి ముందే తీసి చల్లదనం పోయాక, ఉండలు లేకుండా చిలికి, అర చెంచా శనగపిండి కలిపి, అందులోకి రెండు గరిటెల వేడి గ్రేవీ కొంచెం కొంచెంగా పోస్తూ కలిపి, ఆ కలిపినదాన్ని కూరలో పొయ్యాలి. పుల్లటి పెరుగు వద్దు. పెరుగు కంటే మీగడ ఇంకా నయం, కొవ్వు ఎక్కువ కాబట్టి విరగదు. పాలు మాత్రం చింతపండో టమాటానో ఉన్న దాంట్లో పొయ్యకు. కొబ్బరిపాలు కోనసీమ వాళ్ల మార్గం, చికెన్‌కీ రొయ్యలకీ బ్రహ్మాండంగా ఉంటుంది, చివర్లో చిక్కటి పాలు పోసి ఒక్క పొంగు రాగానే దించెయ్యాలి. పాలు, పెరుగు ఎందుకు పనిచేస్తాయంటే వాటిలో కొవ్వూ ఉంటుంది, కేసీన్ అనే ప్రొటీన్ కూడా ఉంటుంది, అది క్యాప్సైసిన్‌ని పట్టుకుని నాలుక మీది నుంచి లాక్కుపోతుంది. నోరు మండినప్పుడు మంచినీళ్లు తాగితే మంట నోరంతా పాకుతుందే తప్ప పోకపోవడానికీ, పెరుగన్నం ముద్ద తింటే హాయిగా ఉండడానికీ కారణం ఇదే.

ఏం కలిపినా మొత్తం గిన్నెలో కలపకు. ముందు ఒక చిన్న గిన్నెలో రెండు గరిటెల కూర తీసుకుని అందులో కలిపి చూడు. నచ్చకపోతే పోయేది రెండు గరిటెలే. ఈ అలవాటు ఆ ఎనిమిది కిలోల రోజున ఉండి ఉంటే నాకు అంత పని ఉండేది కాదు.

పిల్లల కోసం ఇంత సాహసం అక్కర్లేదు. మన ఇళ్లలో అమ్మమ్మలు చేసేదే, నాలుగు ముక్కలు తీసి మరిగే నీళ్లలో ఒకసారి జాడించి, మసాలా అంతా పోయాక, నెయ్యిలో చిటికెడు ఉప్పు వేసి అటూ ఇటూ తిప్పి పెట్టడం. చల్లటి నీళ్లతో కడిగితే నూనె జిడ్డు అలాగే అంటుకుని ఉంటుంది, కారం పోదు, వేడినీళ్లే కావాలి. రేపు వచ్చే ఇద్దరికీ ఒక నాలుగు లెగ్ పీసులు కొత్త గ్రేవీ కలపకముందే ఇలా తీసి పెట్టెయ్.

చికెన్ అయిపోయింది. మిగతా వంటల గురించి కూడా నువ్వు ఒక వాక్యం అడిగావు కాబట్టి చెప్తాను, ఇవి నాకు రోజూ ఎదురైనవే. పప్పు అన్నిటికంటే తేలిక, ఒక చిన్న గ్లాసు కందిపప్పు విడిగా ఉడికించి కలిపేస్తే అయిపోయింది. పచ్చిమిర్చితో చేసినదైతే మెదపకముందే మిరపకాయలు ఏరెయ్యి, మెదిపాక ఇక దారి లేదు. సాంబారు, పప్పుచారు కూడా అంతే, పప్పుకట్టు పోసి, కమ్మగా కొత్త పోపు వెయ్యి. పులుసులైతే నాకిష్టమైన మార్గం తియ్యగుమ్మడి, చిలగడదుంప, సొరకాయ. వాటిని విడిగా ఉడికించి వేస్తే పరిమాణం పెరుగుతుంది, తీపి వాటంతట అదే వస్తుంది. ఇక్కడ బెల్లం ముక్క నిర్భయంగా వేసుకోవచ్చు, పులుసు ఒంటికి బెల్లం పడుతుంది. పల్చబడితే ఒక చెంచా బియ్యప్పిండి నీళ్లలో జారుగా కలిపి పొయ్యి. చేపల పులుసు మాత్రం గరిటె పెట్టి కలపలేం కదా, ముక్క చితుకుతుంది. వేయించి రుబ్బిన ఉల్లిపాయ ముద్ద వేడినీళ్లలో కలిపి అంచుల వెంట పోసి, గిన్నె రెండు చేతులా పట్టుకుని తిప్పాలి. దాంట్లో పాలు, పెరుగు నేనైతే వెయ్యను.

వేపుళ్లే కష్టం. కారం ముక్కకి అంటుకుని ఉంటుంది, పలచన చెయ్యడానికి రసం ఉండదు. దొండకాయ, కాకరకాయ, ఆలూ వేపుడు కరకరలాడుతూ ఉంటే చిల్లుల గిన్నెలో వేసి గట్టిగా రెండుసార్లు ఎగరెయ్యి, అంటుకోని కారమంతా కిందకి రాలిపోతుంది. తర్వాత వేయించిన పల్లీల పొడి, లేదా పుట్నాల పొడి, లేదా ఎండుకొబ్బరి చల్లితే మంట మీద దుప్పటి కప్పినట్టు ఉంటుంది. బెండకాయ వేపుడు మెత్తబడి జిగురుగా ఉంటే ఈ ఎగరెయ్యడాలేం పనిచెయ్యవు, కొబ్బరి ఒక్కటే దిక్కు.

రోటి పచ్చళ్లకి పల్లీలో నువ్వులో వేయించి దంచి కలుపు. పచ్చిమిర్చి పచ్చడైతే పచ్చి దోసకాయ ముక్కలు వెయ్యి, మా గుంటూరు వైపు ఎలాగూ వేస్తారు. ఏదీ కుదరకపోతే చిక్కటి పెరుగు కలిపి పోపు పెట్టి పెరుగు పచ్చడి అని వడ్డించెయ్, ఎవరికీ అనుమానం రాదు. ఆవకాయ పెట్టిన రోజునే నాలుక మీద వేసుకుని గగ్గోలు పెట్టకు, కారమూ ఆవపిండీ పచ్చిగా ఉంటాయి. మూడో రోజు తిరగకలిపాక, ముక్క ఊరాక చూడు. అప్పటికీ భరించలేనంత ఉంటే తడి లేకుండా తుడిచిన కొత్త మామిడి ముక్కలు, వాటికి తగిన ఆవపిండీ ఉప్పూ నూనే కలుపు, కారం ఒక్కటీ వదిలేసి. బిర్యానీకి, విడిగా వండిన తెల్లన్నం నెయ్యితో పొరగా పరిచి ఒక పది నిమిషాలు దమ్ మీద పెట్టు.

ఇంత చేసినా కొంచెం కారం మిగిలితే మిగలనీ. కూర మీద ఇంకా కుస్తీ పట్టకు, పక్కన పెట్టే వాటి సంగతి చూడు. ఆవకాయ అంత కారంగా పెట్టుకుని మనవాళ్లు ఎలా తింటున్నారు? ముద్దపప్పు, నెయ్యి పక్కన ఉంటాయి కాబట్టి. రేపు అన్నంలో మొదట ముద్దపప్పూ నెయ్యీ వడ్డించు, చికెన్‌తో పాటు ఉల్లిపాయ పెరుగు చట్నీ కాస్త ఎక్కువే చెయ్యి, చివర్లో గట్టి పెరుగు, అరటిపండు. కడుపులో నెయ్యన్నం పడ్డాక కారం కొంచెం ఎక్కువైనా బాగుందనే అంటారు.

ఇక ఇదెందుకు జరిగిందో. చెంచా అదే, కారం వేరు. గుంటూరు మిర్చి యార్డుకి వచ్చే కాయల్లో తేజ రకం చిన్నగా సన్నగా ఉంటుంది, మంట మాత్రం మామూలుది కాదు. 334 అని ఇంకో రకం ఉంది, దాని మంట మధ్యరకం. కర్ణాటక నుంచి వచ్చే బ్యాడగి ముడతలుపడి, ఎర్రగా రంగు బాగా దిగుతుంది, మంట తక్కువ. మన వరంగల్ చపాటా, టమాటా మిర్చి అంటారు, 2025లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు ప్రత్యేక సరుకని ఇచ్చే గుర్తింపు) వచ్చింది, అదీ రంగు కోసమే, కారం తక్కువ. ప్యాకెట్ కారాల్లో రంగు కాయలు కలిసి ఉండొచ్చు, పైగా ఆడించి ఎన్నాళ్లయిందో తెలియదు. అమ్మ పంపింది ఈ వేసవిలో కొత్త కాయ ఎండబెట్టి, తొడిమలు తీసి మరపట్టించింది. తేజ అయితే మాత్రం కిలో చికెన్‌కి చెంచా అంచుకి సమంగా రెండు చిన్న చెంచాలు చాలు. నువ్వు కిలోన్నరకి ఐదు గుట్టగా వేశావు, అంటే దాదాపు ఎనిమిదికి పైనే పడి ఉంటుంది, నా లెక్కన పడాల్సింది మూడు. అమ్మకి ఫోన్ చేసి ఏ కాయ అని అడుగు. ఇంకోటి కూడా అడుగు, అది ఒట్టి కారమా, కూర కారమా? కూర కారమైతే వెల్లుల్లి, ధనియాలు, మెంతులతో పాటు ఉప్పు కూడా వేసి ఉంటారు కొన్ని ఇళ్లలో, నువ్వు మళ్లీ మామూలుగా ఉప్పు వేస్తే అది ఇంకో గొడవ. ఉప్పు ఎక్కువైన కూరలో మంట కూడా ఎక్కువగానే తెలుస్తుంది.

పచ్చిమిర్చి విషయంలో గింజలు దులిపేస్తే కారం పోతుందనుకుంటారు. మంట గింజలో కాదు ఎక్కువ, గింజలు అతుక్కుని ఉండే తెల్లటి ఈనెలో ఉంటుంది. నిలువుగా చీరి చెంచా మొనతో ఆ ఈనె గీకేస్తే కాయ సగం చల్లబడుతుంది. తర్వాత చేతులు మండుతుంటే ముందు కొబ్బరినూనె రాసి రుద్ది, ఆ తర్వాత సబ్బుతో కడుక్కో. నీళ్లతో కడిగేసి కళ్లు నులుముకున్నావంటే రాత్రంతా జాగారమే.

ఆ తీసిపెట్టిన ఎర్ర నూనె గురించి చెప్తానన్నాను కదా. మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచుకో, మూడు రోజుల్లో వాడెయ్. రాత్రి మిగిలిన అన్నం పొద్దున తాలింపు పెట్టుకుంటావు చూడు, మామూలు నూనె బదులు ఇది ఒక చెంచా వేసి, ఉల్లిపాయా కరివేపాకూ వేయించి, గుడ్డు కొట్టి, అన్నం వేసి తిప్పు. కారం డబ్బా తియ్యక్కర్లేదు, చికెన్ వాసనతో భలే ఉంటుంది. మిగిలిన అమ్మ కారంలో సగం తీసి అంతే బ్యాడగి కారం కలిపి రోజువారీ డబ్బాలో పోసుకో, ఆ మిగతా సగం విడిగా సీసాలో పెట్టి పైన ‘తేజ, ఒక చెంచా చాలు’ అని కాగితం అంటించు. మా ఇంట్లో సీసా మీద ఆ కాగితం ఇప్పటికీ ఉంది, అయినా మా ఆయన ఆమ్లెట్ వేసుకున్నప్పుడల్లా చదవకుండా వేసేస్తాడు.